పద్నాలుగు రాత్రి పన్నెండున్నర

1997 నవంబర్ 3, సోమవారం

చలపతిరావు గారికి లోపల మంటగా ఉంది. ట్రావెల్ ఆఫీసు ఆయనది, పేరు నాకొస్తోంది మరి. రెండు రోజులు తిరగేసి లేదు పొమ్మన్న దారిని నేను టైంటేబుల్ పుస్తకం ముందేసుకుని అరగంటలో పట్టుకున్నాను. బొంబాయి నుంచి సింగపూర్ మూడు వేల తొమ్మిది వందల కిలోమీటర్లు, ఐదు గంటల ఇరవై నిమిషాలు. అక్కడ గంటా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. సింగపూర్ నుంచి ఆక్లాండ్ ఎనిమిది వేల నాలుగు వందలు, తొమ్మిది గంటల యాభై నిమిషాలు. మొత్తం పదహారున్నర గంటలు. న్యూజిలాండ్ గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంది. కూడి చూస్తే ఎక్కేదీ రాత్రి పన్నెండున్నరకే, దిగేదీ రాత్రి పన్నెండున్నరకే! తప్పేమోనని మళ్ళీ కూడి చూశాను. తప్పు లేదు. ఇలాంటివి కుదిరినప్పుడు నాకు పిచ్చి సంతోషం.

మధ్యాహ్నం బసవపున్నయ్య గారికి ఫోన్ చేశాను. మద్రాసు రోజుల నుంచీ ఆయన సూర్యప్రకాశరావు గారి సినిమా కంపెనీకి ప్రొడక్షన్ మేనేజరు. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. చుట్టరికం ఏమీ లేదు, అయినా బాబాయి గారూ అనే పిలుస్తాను.

“పద్నాలుగు రాత్రి పన్నెండున్నరకి హీరోగారు బొంబాయిలో ఎక్కుతారు బాబాయి గారూ. పదిహేను రాత్రి పన్నెండున్నరకి ఆక్లాండ్‌లో దిగుతారు.”

“అంటే దిగిన తెల్లారే షూటింగా? పదహారు పొద్దున్నే? రెస్టు లేకుండానా?”

“హీరోలకి రెస్టేంటండీ!”

ఆయన నవ్వారు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది పాట తీసి, పంతొమ్మిదిన హీరోగారిని వెనక్కి పంపించెయ్యాలట. ఇరవై ఒకటిన ఆయనకి ఇంకో కంపెనీ సినిమా మొదలవుతోంది. బొంబాయి దాకా టికెట్ వాళ్ళే తీసుకుంటామన్నారు. మా టికెట్ కవర్లో పెట్టి, సూర్యప్రకాశరావు గారి డ్రైవరు పోచయ్య వస్తే ఇచ్చి పంపాను.

మా వారికి ఈ వారం ఎడిటింగ్ రూములో నైట్ కాల్షీట్లు. ‘ఐదు రాత్రి ఉంది, ఆరు రాత్రి లేదు’ అని చెప్పి వెళ్ళారు. ఆరున బీరకాయ పచ్చడి చెయ్యాలి.

నవంబర్ 9, ఆదివారం

పాట యూనిట్ రేపు మధ్యాహ్నం విమానానికి మద్రాసు నుంచి వెళుతోంది. అది నేను కుదిర్చిన దారి కాదు. వాళ్ళకి మొత్తం ఇరవై ఏడు గంటలు పడుతుంది. నవ్వొచ్చింది.

నవంబర్ 14, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. ఆఫీసు నుంచి త్వరగా వచ్చాను. ఇప్పుడు సాయంత్రం ఐదు. ఆక్లాండ్‌లో రాత్రి పన్నెండున్నర. సరిగ్గా ఈ నిమిషంలో హీరోగారు దిగుతూ ఉంటారు. నేను ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు గాని, పన్నెండు వేల మూడు వందల కిలోమీటర్లు పెన్సిలుతో తీసుకెళ్ళి దింపాను.

వత్తులు వెలిగించాలి. ఉంటాను.

నవంబర్ 15, శనివారం

రాస్తుంటే పెన్సిలు ముక్కు రెండుసార్లు విరిగింది. కోపంతోనే. భయం కాదు.

హీరోగారు వెళ్ళలేదు. ఆయన బొంబాయి వెళ్ళిందే నిన్న సాయంత్రం! రాత్రి పదింటికి దర్జాగా సూట్‌కేసులు తోయించుకుంటూ కౌంటరు దగ్గరికి వెళితే, అక్కడి పిల్ల టికెట్ చూసి, “సార్, మీ విమానం నిన్న రాత్రే వెళ్ళిపోయింది” అందట. వెనక లైన్లో నిలబడ్డ తెలుగువాళ్ళు ఎవరో పకాలున నవ్వారట. ఇంక చూసుకోండి. ఆటోగ్రాఫులు అడగాల్సిన జనం నవ్వితే హీరోగారికి ఎలా ఉంటుంది?

పొద్దున్న ఏడింటికే ఇంటివాళ్ళ ఫోనుకి చలపతిరావు గారు. “ఏం చెప్పి చచ్చావు నువ్వు?” అని. మంచి లేదు, మర్యాద లేదు.

టికెట్ మీద 14 అని ఉంది, 00:30 అని ఉంది. అంటే పద్నాలుగో తేదీ పుట్టిన అరగంటకి. అంటే గురువారం, పదమూడో తేదీ రాత్రి భోంచేసి వెళ్ళి ఎక్కాలి. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. బసవపున్నయ్య గారు శుక్రవారం సాయంత్రానికి బొంబాయి టికెట్ తీశారు. తీసి, ‘నాగేశ్వరి పద్నాలుగు రాత్రి అని చెప్పింది’ అంటున్నారట!

నేనా? నేను పదమూడు రాత్రి అని చెప్పాను. అంత స్పష్టంగా చెప్పాను.

ఆ విమానం వారానికి మూడే రోజులు. మళ్ళీ రేపు రాత్రి ఉంది. అందులో కూర్చోబెడుతున్నారు. దిగేసరికి పదహారూ పదిహేడూ అయిపోతాయి. మూడు రోజుల పాటకి మిగిలింది ఒక్కరోజు. అక్కడ యూనిట్ అంతా సరస్సు ఒడ్డున చలిలో హీరోయిన్ని పెట్టుకుని కూర్చుంది. దానికి నేనేం చెయ్యను?

వంట చెయ్యలేదు. మా వారు పెరుగన్నం తిని పడుకున్నారు.

నవంబర్ 17, సోమవారం

ఫిల్మ్ నగర్‌లో కంపెనీ ఆఫీసుకి రమ్మన్నారు. నేనూ చలపతిరావు గారూ వెళ్ళాం. నేరం చేసినవాళ్ళలాగా నిలబెట్టి అడిగారు. చలపతిరావు గారికి మాత్రం కుర్చీ వేశారు.

“ఏమ్మా, ఏ రాత్రి అన్నావు నువ్వు?” సూర్యప్రకాశరావు గారు అడిగారు.

“పదమూడు రాత్రి అన్నానండీ.”

బసవపున్నయ్య గారు గోడ పక్కన నిలబడి ఉన్నారు. నా వైపు చూశారు.

“పద్నాలుగు అన్నట్టు విన్నానమ్మా” అన్నారు మెల్లగా.

“పద్నాలుగని నేనెందుకంటానండీ? నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మీకు సరిగ్గా వినపడి ఉండదు.”

చలపతిరావు గారు అందుకున్నారు. “టికెట్ మీద తేదీ, టైము అచ్చు వేసి ఉన్నాయండీ. మా వైపు నుంచి లోపం లేదు.”

బసవపున్నయ్య గారు ఇంకా నన్నే చూస్తున్నారు. వాదిస్తారనుకున్నాను. వాదిస్తే చెప్పడానికి పది మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “అయితే నేనే పొరపాటున విన్నానేమోలెండి. టికెట్ నా దగ్గరే ఉంది, నేనే చూసుకోవాల్సింది” అన్నారు.

చూశావా! నిజమైతే గట్టిగా నిలబడరూ? రెండు నిమిషాల్లో మాట మార్చేశారు.

తిరిగి వస్తుంటే కారులో చలపతిరావు గారు అడిగారు, “ఆయనకి వినికిడి తగ్గిందంటావా?” అని. “తగ్గినట్టే ఉందండీ. ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది” అన్నాను.

అబద్ధమేం కాదు. మొన్న సింగపూర్ అంటే ‘సికింద్రాబాదా?’ అన్నారు. అది వేళాకోళానికే అన్నారు. అయినా అన్నారు కదా.

నవంబర్ 18, మంగళవారం

పదమూడు రాత్రి అన్నాను.

నవంబర్ 20, గురువారం

హీరోగారు వచ్చేశారు. ఒక్కరోజులో ఎంత తియ్యగలరో అంత తీశారట. మిగతా పాటంతా హీరోయిన్ ఒక్కతే సరస్సు చుట్టూ పరిగెత్తుతుంది. దూరం నుంచి వీపు చూపించడానికి డాన్సర్లలో ఒకతనికి హీరోగారి కోటు తొడిగారట. సూర్యప్రకాశరావు గారు తల పట్టుకున్నారు. హీరోగారు వస్తూనే, ‘నన్ను ఎయిర్‌పోర్టులో నవ్వులపాలు చేసిన మనిషి ఉంటే నేను మీ గడప తొక్కను’ అన్నారట. బసవపున్నయ్య గారిని తీసేశారు.

తీసేశారు అన్న మాట మా వారు కంచం ముందు కూర్చుని చెప్పారు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసట.

“నాగేశ్వరీ, నిజంగా ఏ రాత్రన్నావో గుర్తుందా నీకు?”

కట్టుకున్నవాడు కూడా! గరిటె విసిరేశాను. ఆయన మీద కాదు, సింకులోకి. అసలు తప్పంతా ఈ సినిమా వాళ్ళ క్యాలెండర్ది. వీళ్ళకి రాత్రి పన్నెండింటికి తేదీ మారదు. రాత్రి తొమ్మిదింటికి మొదలైన కాల్షీటు తెల్లవారుజాము రెండింటికి అయినా అది మొదలైన తేదీదే. పేకప్ చెప్పి, ఇంటికొచ్చి పడుకుని లేస్తే అప్పుడు వీళ్ళకి మర్నాడు. ఆ లెక్కతో విమానాలు ఎక్కుదామంటే ఎలా? బసవపున్నయ్య గారు టికెట్ మీద పద్నాలుగు చూశారు, పన్నెండున్నర చూశారు, పద్నాలుగో తేదీ కాల్షీటు అనుకున్నారు. అంతే. నేను ఏం చెప్పినా ఆయన అలాగే అనుకునేవారు. అది నా పీకకి చుట్టారు.

మా వారు నోరెత్తకుండా కంచం కడుక్కుని వెళ్ళిపోయారు. అలా వెళ్ళిపోతే నాకు ఇంకా మండుతుందని ఆయనకి తెలుసు.

నవంబర్ 23, ఆదివారం

తలనొప్పి. ఎవరి మొహమూ చూడబుద్ధి కావడం లేదు. పదమూడు అన్నాను, పదమూడు, పదమూడు.

నవంబర్ 26, బుధవారం

పోచయ్య ఇంకో టికెట్ కోసం వచ్చాడు. సంతకం పెట్టి కవరు తీసుకున్నాక కూడా కదలడు.

“ఏంది పోచయ్యా?”

“ఏం లేదక్కా. బసవపున్నయ్య సారుకు చెవులు జర తక్కువ వినొస్తయంట గదా?”

“ఎవరు చెప్పారు?”

“అందరు గట్లనే అంటున్రు. రెండు కంపెనీలకు పోయిండంట సారు, పని అడుగనీకి. ఫోన్ మీద నడిచే పని, చెవిటాయన తోటి ఎట్లయితది అని పంపిచ్చిన్రంట. పదేండ్ల సంది నేను గా సారు ఎన్క తిరిగిన. కారు ఇంజన్‌ల చిన్న చప్పుడైనా నాకంటే ముందు ఆయనకే వినొస్తుండె. గిదేందో నాకు సమజైత లేదు.”

“మరి నన్నెందుకు అడుగుతున్నావు?”

“మాట మీ ఆఫీసుల నుంచే లేసిందంటున్రు అక్కా. అందుకని అడిగిన.”

పోచయ్య వెళ్ళాక చలపతిరావు గారి గదిలోకి వెళ్ళి తలుపేశాను. “నేను మీతో కారులో అన్న మాట ఊరంతా ఎందుకు చెప్పారండీ?” అన్నాను. ఆయన కాఫీ తాగుతూ, “ఆఫీసు పరువు కాపాడుకోవద్దా? అయినా నువ్వన్నదేగా, నేను కల్పించానా?” అన్నారు.

దరిద్రుడు. ఎంత తేలిగ్గా అన్నాడు. మనిషి పొట్టకొట్టి కాఫీ తాగుతున్నాడు.

కొట్టింది ఆయనే. నేను ఊరికే అన్నాను.

నవంబర్ 30, ఆదివారం

ఇంక ఉండబట్టలేక బసవపున్నయ్య గారింటికి వెళ్ళాను. క్షమాపణకి కాదు. నాతో పేచీ ఉంటే ఎదురుగా పెట్టుకోండి, ఇలా బయట అందరి జాలీ పోగుచేసుకుని నన్ను చెడ్డదాన్ని చెయ్యకండి అని అడుగుదామని. నడుస్తూ మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను.

మా వీధికి నాలుగు వీధుల అవతలే వాళ్ళ వాటా. మధ్యాహ్నం మూడైంది. ఆయన భార్య అనసూయమ్మ గారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. ఎప్పుడూ ‘రామ్మా’ అనే మనిషి, తల ఎత్తి చూసి మళ్ళీ చిక్కుడుకాయల్లోకి దిగిపోయారు. పెరట్లో పంపు బకెట్లోకి ధారగా పడుతోంది. పక్కవాటాలో ఎవరో డాన్సు ప్రాక్టీసు చేస్తూ టేప్‌రికార్డరు పెట్టారు.

“బాబాయి గారు పడుకున్నారా పిన్నిగారూ?” అన్నాను. నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా.

“పడుకోలేదమ్మా, వస్తున్నా” అని పెరట్లోంచి ఆయన గొంతు. “ఎండలో నిలబెడతావేంటే, లోపలికి రమ్మను.”



అనసూయమ్మ గారు నన్ను చూసి, “వినపడింది కదూ?” అన్నారు. “పంపు ధారలోంచి వినపడింది. నువ్వు ఫోన్లో అరిచి చెప్పింది మాత్రం వినపడలేదట! ఆయన పాకెట్ బుక్కులో రాసుకున్నారమ్మా. నువ్వు చెబుతుండగానే రాసుకున్నారు. తీసుకెళ్ళి ప్రొడ్యూసరు గారికి చూపించండీ అని మొత్తుకున్నాను. చిన్నపిల్ల ఉద్యోగం పోతుందే, ఊరుకో అంటారు. మాకు పెద్ద వయసని అద్దె అడగడం మానేస్తారా?”

“అనసూయా, ఊరుకో” అంటూ ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. గడ్డం తెల్లగా పెరిగింది. నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

“మీ వారికి నైట్ కాల్షీట్లు తగ్గాయా అమ్మా?” అని అడిగారు.

“తగ్గలేదండీ.”

“కాఫీ తాగి వెళ్ళు.”

తాగలేదు. పనుందని వచ్చేశాను. దారంతా కోపమే. ఆయన తిట్టి ఉంటే ఎంత బావుండేది! తిట్టని మనిషితో ఎలా పోట్లాడతాం? పాకెట్ బుక్కులో ఆయన విన్నది ఆయన రాసుకున్నారు. తప్పు విని తప్పు రాసుకున్నారు. నేనూ ఆ రోజు రాసుకున్నాను. నా డైరీలో ఉంటుంది, పదమూడు అని. మూడో తేదీ పుట. తీసి చూస్తాను. చూసి, రేపు ఆవిడ మొహం మీదే చూపిస్తాను.

నవంబర్ 30, సాయంత్రం

చూశాను.

డిసెంబర్ 1, సోమవారం

ఆఫీసుకి వెళ్ళలేదు.

డిసెంబర్ 2, మంగళవారం

పద్నాలుగు రాత్రి. నా రాత. నా చేత్తో నేనే, మురిసిపోతూ రాసుకున్నాను. పద్నాలుగు రాత్రి పన్నెండున్నరకి హీరోగారు బొంబాయిలో ఎక్కుతారు బాబాయి గారూ.

టికెట్ మీద 14, 00:30 అని ఉంది. నోటికి వచ్చేసరికి ‘పద్నాలుగు రాత్రి పన్నెండున్నర’ అయింది. అంకెలు రెండూ నిజమే, రెండిటి మధ్యా ‘రాత్రి’ అన్న మాట నేను పెట్టాను. నాలుగేళ్ళుగా ఇంట్లో ‘ఐదు రాత్రి ఉంది, ఆరు రాత్రి లేదు’ అని విని విని నా నోరూ అలాగే తయారైంది. సినిమా వాళ్ళ క్యాలెండర్ని తిడుతూ ఇదే డైరీలో ఒక పుట నింపాను. సిగ్గు లేకపోతే సరి.

ఇంకోటి కూడా ఉంది. ‘అంటే దిగిన తెల్లారే షూటింగా? రెస్టు లేకుండానా?’ అని ఆయన అడిగారు. పదమూడు రాత్రి ఎక్కితే పదిహేను అంతా రెస్టేగా! ఆ ఒక్క ప్రశ్నతో తప్పుని తీసి నా చేతిలో పెట్టారు. పన్నెండు వేల కిలోమీటర్లు నిమిషాలతో సహా లెక్క కట్టినదాన్ని, ఆ ప్రశ్న దగ్గర ఆగి ఒక్క వేలు మడిచి లెక్కపెట్టలేదు. జోకేశాను. ఆయన నవ్వారు.

ఎవరి చెవులు పనిచెయ్యలేదు ఆ రోజు? నావి. అది చాలక ఆయన్ని చెవిటివాణ్ణి చేశాను. ఆయన ఎదురుగా ఒకసారి, వెనక ఒకసారి.

ఈ పుట చింపేస్తే ఇంక ఏ గొడవా లేదు. ఆయన బుక్కులో ఉన్నది ఆయన మాట. నా మాట నేను ఒప్పుకున్నట్టుగా ఉన్నది ఇక్కడొక్కచోటే. పొద్దుట్నుంచి మూడుసార్లు అంచు పట్టుకున్నాను.

డిసెంబర్ 5, శుక్రవారం

చింపాను. పొద్దున్నే స్కేలు పెట్టి, నలగకుండా. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

ముందు చలపతిరావు గారికి చెప్పాను. ఆయన కాగితం పూర్తిగా చదవను కూడా లేదు. “పిచ్చి పట్టిందా? అయిపోయిన దాన్ని తవ్వుతావేంటి? బయట ఎవరికైనా చూపించావంటే రేపట్నుంచి రాకు” అన్నారు. “చూపించడానికే వెళుతున్నానండీ” అన్నాను. “అయితే అట్నుంచి అటే ఇంటికి వెళ్ళు” అన్నారు. తప్పు చేసిన రోజు కారులో ఎక్కించుకుని వెనకేసుకొచ్చారు, ఒప్పుకున్న రోజు పొమ్మన్నారు. టేబుల్ సొరుగులోంచి నా పెన్సిళ్ళు తీసుకుని వచ్చేశాను. టైంటేబుల్ పుస్తకం కూడా తీసుకుందామనిపించింది గాని అది ఆఫీసుది.

జూబ్లీ హిల్స్ ఎక్కడానికి ఆటో దొరకలేదు. చెక్‌పోస్టు దగ్గర్నుంచి నడిచాను. సూర్యప్రకాశరావు గారింట్లో వరండాలో గంట కూర్చోబెట్టారు. ఆయన వచ్చాక కాగితం చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నా పిచ్చి సంతోషం, చలపతిరావు గారి మంట, బీరకాయ పచ్చడి, అన్నీ చదివారు. చదువుతున్నంతసేపూ నాకు భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది.

“పద్నాలుగు రాత్రి పన్నెండున్నర అనే చెప్పావుగా” అన్నారు. “టికెట్ మీదా పద్నాలుగే. పన్నెండున్నరే. నువ్వు సరిగ్గానే చెప్పావు. ఇందులో నీ తప్పేముందమ్మా? ఆయనకే వినపడలేదు.”

ఆయన నిజంగానే అంటున్నారు. వెటకారం కాదు.

“మీరు చెప్పండి సార్. ఈ మాట మీకే చెప్పాననుకోండి. పద్నాలుగు రాత్రి పన్నెండున్నరకి విమానం అని. మీరు బేగంపేట ఎయిర్‌పోర్టుకి ఏ రోజు బయల్దేరతారు?”

“పద్నాలుగు సాయంత్ర...” అని ఆగిపోయారు.

ఆయన కాగితం మళ్ళీ చూశారు. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకున్నారు. వరండాలో పోచయ్య కారు తుడుస్తూ మా వైపే చూస్తున్నాడు.

“మీరూ అదే పని చేసేవారు సార్” అన్నాను. గొంతు పెద్దదవుతోందని తెలుస్తూనే ఉంది, ఆపలేదు. “ఆయన చెవులకి ఏ జబ్బూ లేదు. నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా విన్నారు, రాసుకున్నారు, అలాగే చేశారు. చెవుడు అన్న మాట నేను పుట్టించాను. అబద్ధం. ముప్పై ఒక్క ఏళ్ళు మీ ఫోనెత్తిన మనిషి గురించి నాలుగేళ్ళ సర్వీసున్న నేను ఒక మాటంటే మీరెలా నమ్మారండీ? ఒక్కసారి పిలిచి మెల్లగా మాట్లాడి చూడలేకపోయారా?”

ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు నాకు అసహ్యం.

ఆయన కాగితం మడతల మీదే మళ్ళీ మడిచారు. తర్వాత, “హీరోగారి సినిమాలో పెట్టుకోలేనమ్మా. ఆయన వినడు” అన్నారు. “చిన్న సినిమా ఒకటి మొదలుపెడుతున్నాం, అంతా కొత్తవాళ్ళతో. దానికి పిలుస్తాను. ఈ కాగితం నా దగ్గర ఉంచనా?”

“ఉంచండి. ఎవరైనా చెవుడు అంటే చూపించండి.”

బయటికి వస్తుంటే పోచయ్య గేటు తీశాడు. చెక్‌పోస్టు దాకా కారులో దింపాడు.

మా వారికి అంతా చెప్పాను. ఉద్యోగం పోయిందని కూడా. “ముందే చెబితే నేనూ వచ్చేవాణ్ణిగా” అన్నారు. ఆయన మీదా అరిచాను.

డిసెంబర్ 9, మంగళవారం

పొద్దున్న పదకొండింటికి ఇంటివాళ్ళమ్మాయి కిందనుంచి పిలిచింది, నాకు ఫోనని. ఏదైనా ఆఫీసు వాళ్ళేమోనని తడిచేత్తోనే పరిగెత్తాను.

“నాగేశ్వరీ, నేనమ్మా, బసవపున్నయ్యని.”



“సూర్యప్రకాశరావు గారు కబురు చేశారు. నిన్నే చేరాను. పన్నెండో తేదీ రాత్రి ఒంటిగంటా నలభై నిమిషాలకి ముహూర్తం అని ఇందాక ఫోన్లో చెప్పారు, దేవుడి పటాల మీద ఫస్టు షాటు. పన్నెండు రాత్రంటే ఏ రాత్రమ్మా? గురువారమా, శుక్రవారమా?”

ఆ మనిషి మళ్ళీ నన్ను అడుగుతున్నారు! ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు, నన్ను! ఇంత కోపం నాకు ఈ నెల రోజుల్లో ఎప్పుడూ రాలేదు.

“నన్నెందుకు అడుగుతారండీ బాబాయి గారూ? బుద్ధుందా మీకు? ఒకసారి నా మాట విని అంత పని అయ్యాక మళ్ళీ నా మాటా? సిద్ధాంతి గారి దగ్గరికి మనిషిని పంపించండి. కాగితం మీద రాయించుకోండి. తేదీ ఒక్కటే కాదు, వారం పేరు రాయించుకోండి. పంచాంగం లెక్కో ఇంగ్లీషు లెక్కో అడగండి. ఎవరు చెప్పినా కాగితం చూడకుండా కదలకండి. నేను చెప్పినా సరే కదలకండి. అర్థమైందా? వినపడుతోందా మీకు?”

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక గాని తెలియలేదు ఏమన్నానో. ఇంటివాళ్ళు అందరూ వంటింట్లోంచి తొంగి చూస్తున్నారు.

“అంత అరవకమ్మా” అన్నారు. “నాకు బాగానే వినపడుతుంది.”